టైరులోని పాలు ఎండిపోతే?

సైకిలు ఆగితే పని ఆగుతుంది. దారిలో పంక్చరు పడితే పనికి ఆలస్యం అవుతుంది. ఆలస్యమైతే ఆ పూట కూలి పోవచ్చు.

విశాఖపట్నంలో పంక్చర్లకు కొదవ లేదు. ఇక్కడ 1933లో పోర్టు మొదలైంది. ఉక్కు ఫ్యాక్టరీని 1992లో జాతికి అంకితం చేశారు. పోర్టు వైపు, గాజువాక వైపు రోడ్ల మీద లారీలు తిరుగుతూనే ఉంటాయి. రోడ్డు అంచున మేకులు, ఇనుప తీగ ముక్కలు, గాజు పెంకులు పడి ఉంటాయి. మట్టి దారుల్లో తుమ్మముళ్లు, పల్లేరుకాయలు ఉంటాయి. ఏది గుచ్చుకున్నా టైరులో గాలి పోతుంది.

ఆడవాళ్లకు సైకిలు చిన్న వస్తువు కాదు. తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. చదువుతో పాటు వేలాది మంది ఆడవాళ్లు సైకిలు తొక్కడం నేర్చుకున్నారు. నీళ్లకు, పనికి, సంతకు తమంతట తామే వెళ్లారు. సైకిలు తొక్కడం వస్తే సగం పని అయినట్టే. దాని బాగోగులు తెలిస్తే మిగతా సగం అవుతుంది.

ట్యూబు లేని టైరు

మామూలు సైకిలు టైరు లోపల రబ్బరు ట్యూబు ఉంటుంది. గాలి ట్యూబులో ఉంటుంది. ముల్లు దిగితే ట్యూబుకు చిల్లు పడుతుంది. షాపులో ట్యూబు బయటకు తీస్తారు. నీళ్లలో ముంచి బుడగలు చూస్తారు. సొల్యూషన్ రాసి అతుకు వేస్తారు.

ఇప్పుడు లావు టైర్లున్న గేరు సైకిళ్లు వచ్చాయి. వీటిని మౌంటెన్ బైకులు అంటారు. అంటే కొండదారుల సైకిళ్లు. వీటిలో కొన్నింటికి ట్యూబు ఉండదు. టైరు అంచు రిమ్ముకు బిగుతుగా అతుక్కుంటుంది. సందు ఉండదు కాబట్టి గాలి బయటకు పోదు. ఆ టైరులో ఒక ద్రవం పోస్తారు. దాని పేరు సీలెంట్. చిల్లు పడితే అదే మూసుకునేలా చేసే మందు అది.

చిల్లు ఎలా మూసుకుంటుంది?

పనసకాయ కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకుంటారు. ఎందుకు? కాయలోంచి తెల్లటి పాలు కారతాయి. గాలి తగిలాక ఆ పాలు జిగురై చేతికి అంటుకుంటాయి. రబ్బరు చెట్టుకు కూడా ఇలాంటి పాలే వస్తాయి. మన దేశంలో రబ్బరు తోటలు ఎక్కువగా కేరళలో ఉన్నాయి. చాలా రకాల సీలెంట్లలో ఉండేది ఈ రబ్బరు పాలే.

టైరు తిరుగుతుంటే ద్రవం లోపలంతా పూతలా పరుచుకుంటుంది. ముల్లు దిగితే గాలి బయటకు తోసుకొస్తుంది. దాంతో పాటు ద్రవం కూడా చిల్లులోకి వస్తుంది. ద్రవంలోని సన్నటి పలుకులు చిల్లుకు అడ్డం పడతాయి. రబ్బరు పాలు అక్కడే గడ్డకడతాయి. గాయం మీద నెత్తురు గడ్డకట్టినట్టే ఇదీను. చిన్న చిల్లయితే కొద్ది క్షణాల్లో మూసుకుంటుంది. సైకిలు దిగే పనే ఉండదు.

ఎండకు ఏమవుతుంది?

ఒకసారి పోస్తే ఇక చూడక్కర్లేదని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. రబ్బరు పాలలో నీరు ఉంటుంది. అవి గడ్డకట్టకుండా అమ్మోనియా కూడా కలుపుతారు. టైరు మూసి ఉన్నా, నీటి ఆవిరి రబ్బరు గుండా కొంచెం కొంచెంగా బయటకు పోతుంది. వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా పోతుంది. నీరు పోయాక పాలు ఎండి, రబ్బరు ముద్దలవుతాయి. ముద్ద చిల్లులోకి రాదు. అప్పుడు మందు ఉన్నా లేనట్టే.

విశాఖ సముద్రం పక్క ఊరు. గాలిలో తేమ ఉంటుంది. అయినా ఏప్రిల్, మే నెలల్లో వేడి గట్టిగానే ఉంటుంది. నల్లటి టైరు ఎండలో నిలబడితే ఇంకా కాగుతుంది. చల్లటి దేశాల్లో ఈ ద్రవం ఆరు నెలలు కూడా ఉండవచ్చు. వేడి చోట్ల రెండు, మూడు నెలలకే ఎండవచ్చు. ఒక్కోసారి ఇంకా ముందే ఎండుతుంది.

ఏం చేయాలి?

ఎండాకాలంలో నెలకోసారి చూసుకోవాలి. మిగతా రోజుల్లో రెండు నెలలకోసారి చూస్తే చాలు. చక్రం ఎత్తి చెవి దగ్గర ఊపాలి. లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి. రాకపోతే ద్రవం తగ్గిందని గుర్తు.

తగ్గితే మళ్లీ పోయించాలి. లావు టైరు ఒక్కోదానికి దాదాపు 100 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే ఒక చిన్న టీ గ్లాసెడు. సీసాను బాగా ఊపి పోయాలి. లేకపోతే పలుకులు అడుగునే ఉండిపోతాయి. లోపల ముద్దలు పేరుకుంటే తీసేయాలి. ఒక రకంలో ఇంకో రకం కలపకూడదు.

సైకిలును నీడన పెట్టాలి. నీడలో ద్రవం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎండలో టైరులోని గాలి ఉబ్బుతుంది. అందుకని గాలి అతిగా కొట్టించకూడదు. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అంకెల్లో ఉంటుంది. ఆ అంకె చదివి షాపులో చెప్పాలి.

మందు మూయలేని చిల్లులు

పెద్ద మేకు చీల్చిన గాటు ఈ మందుతో మూసుకోదు. టైరు పక్కభాగం తెగినా మూసుకోదు. దూరం వెళ్లేవాళ్లు ఒక ట్యూబు, చిన్న పంపు దగ్గర ఉంచుకోవడం మంచిది. ట్యూబు లేని టైరులో కూడా అవసరానికి ట్యూబు వేసి ఇల్లు చేరవచ్చు.

మామూలు సైకిలుకు ఈ మందు అక్కర్లేదు. ద్రవం ఎండి వాల్వులో అడ్డం పడవచ్చు. దానికి పాత పద్ధతే మేలు. అతుకు వేయించుకోవాలి.

పిల్లలు జాగ్రత్త

ఈ ద్రవం చూడటానికి పాలలాగే తెల్లగా ఉంటుంది. మిగిలినదాన్ని తాగే గ్లాసులోగానీ, నీళ్ల సీసాలోగానీ పోసి పెట్టకూడదు. పిల్లలు పాలనుకొని తాగే ప్రమాదం ఉంది. పిల్లలకు అందని చోట దాచాలి. కళ్లలో పడితే మంచినీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపించాలి. రబ్బరు తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి. అలాంటివాళ్లు దీన్ని ముట్టుకోకూడదు.

సీసా మీద చదవాలి

ఈ మందుకు డబ్బు పెట్టాలి. ఆరిపోయిన మందు కొంటే ఆ డబ్బు దండగ. కొనేముందు సీసా చేతిలోకి తీసుకోవాలి. తయారైన తేదీ చూడాలి. ఎన్ని నెలల్లో వాడాలో చూడాలి. రాతలు ఇంగ్లీషులో ఉన్నా అంకెలు చదువుకోవచ్చు. మిగతాది అడగాలి. “బాబూ, ఇది ఎప్పుడు తయారైంది? ఇందులో రబ్బరు పాలున్నాయా? ఎండాకాలంలో ఎన్నాళ్లుంటుంది?” అని అడగటానికి మొహమాటం అక్కర్లేదు. కొనేవాళ్లకు అడిగే హక్కు ఉంది. చదవటం వస్తే ఆ హక్కుకు బలం వస్తుంది.

మాట్లాడుకోండి

1. రబ్బరు పాలు చిల్లును ఎలా మూస్తాయి?
2. ఎండాకాలంలో టైరును ఎందుకు ఎక్కువసార్లు చూసుకోవాలి?
3. మీ ఇంట్లోని సైకిలు టైరు మీద ఏ అంకెలున్నాయి? చదివి, పలక మీద రాయండి.