గాలిలో రెండున్నర చుట్లు: ‘ప్రొదునోవా’ వెనుక భౌతికశాస్త్రం

2016 రియో ఒలింపిక్స్ మహిళల వాల్ట్ ఫైనల్‌లో త్రిపుర క్రీడాకారిణి దీపా కర్మాకర్ 15.066 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచారు. కాంస్య పతకం కేవలం 0.150 పాయింట్ల తేడాతో చేజారింది. ఆ రోజు ఆమె ఎంచుకున్న ‘ప్రొదునోవా’ జిమ్నాస్టిక్స్‌లో అత్యంత ప్రమాదకరమైన విన్యాసాలలో ఒకటి. 1999లో దీనిని సాధించిన రష్యా జిమ్నాస్ట్ యెలెనా ప్రొదునోవా పేరే దానికి స్థిరపడింది.

ఇందులో వేగంగా పరుగెత్తి, వాల్ట్ బల్లపై చేతులు మోపి, తలకిందులుగా గాలిలోకి లేవాలి. అక్కడి నుంచి రెండున్నర చుట్లు ముందుకు తిరిగి పాదాలపై దిగాలి. దొరికే సమయం దాదాపు ఒక సెకను. చుట్లు పూర్తికాకపోతే మెడకు, వెన్నుకు తీవ్రమైన గాయాలయ్యే ప్రమాదం ఉంది.

మరి గాలిలోకి లేచాక అదనంగా తిరిగే శక్తిని తెచ్చుకోవచ్చా? సాధ్యం కాదు. తిరుగుతున్న ప్రతి వస్తువుకూ కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది. బయటి నుంచి టార్క్, అంటే తిప్పే ప్రభావం, పనిచేస్తేనే అది మారుతుంది. గురుత్వాకర్షణ దేహపు ద్రవ్యరాశి కేంద్రం గుండా పనిచేస్తుంది కాబట్టి ఆ కేంద్రం చుట్టూ దేహాన్ని తిప్పలేదు. గాలి నిరోధం స్వల్పమే. అందువల్ల చేతులు బల్లను వీడిన క్షణంలో ఎంత కోణీయ ద్రవ్యవేగం ఉందో, నేలను తాకే వరకు దాదాపు అంతే ఉంటుంది.

క్రీడాకారిణి చేతిలో ఉన్నది దేహాకృతిని మార్చుకోవడమే. కోణీయ ద్రవ్యవేగం అంటే జడత్వ భ్రామకం, కోణీయ వేగాల లబ్ధం. ద్రవ్యరాశి భ్రమణాక్షానికి ఎంత దగ్గరైతే జడత్వ భ్రామకం అంత తగ్గుతుంది. దూరం సగమైతే అది నాలుగో వంతవుతుంది. మోకాళ్లను ఛాతీకి హత్తుకుని ముడుచుకుంటే, నిటారుగా ఉన్నప్పటితో పోలిస్తే దేహపు జడత్వ భ్రామకం సుమారు మూడో వంతుకు పడిపోతుంది. లబ్ధం మారకూడదు కనుక తిరిగే వేగం దాదాపు మూడు రెట్లవుతుంది.

దిగే ముందు దేహాన్ని చాపితే ఈ వేగం తగ్గుతుంది కానీ ఆగిపోదు. మిగిలిన భ్రమణాన్ని ఆపగలిగేది నేల మాత్రమే. పాదాలు ద్రవ్యరాశి కేంద్రానికి కాస్త ముందుగా ఆనితే, నేల పైకి నెట్టే బలం ఆ భ్రమణానికి ఎదురుగా పనిచేస్తుంది. చుట్లు పూర్తయ్యేసరికి నేల దగ్గరపడితే దేహాన్ని చాపుకునే వ్యవధి ఉండదు. రియోలో దీపా బాగా కిందికి, దాదాపు కూర్చున్నట్టుగా దిగారు. అలా దిగితే పాయింట్లు కోతపడతాయి.

అందుకే ఈ విన్యాసానికి పరుగు వేగం, స్ప్రింగ్ బోర్డుపై అడుగు, బల్లపై చేతుల నెట్టుడు అంత కీలకం. కావలసిన ఎత్తునూ భ్రమణాన్నీ నేలను, బల్లను వీడకముందే సంపాదించుకోవాలి.