షుగరు జబ్బుకు మెంతులు: పరీక్షల్లో ఏం తేలింది?

ఆవకాయకు మెంతిపిండి, పులుసుకు మెంతుల పోపు, ఒంటికి వేడి చేస్తే నానబెట్టిన మెంతులు మనకు కొత్త కాదు. షుగరు జబ్బుకు కూడా ఇవి మంచివని పెద్దలు చెబుతుంటారు. ఈ మాటలో నిజమెంతో తేల్చడానికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మెంతులను పరీక్షకు పెట్టారు.

ఎలా పరీక్షించారు?

ఎరువు పనిచేసిందా లేదా అని తెలియాలంటే వేసిన మడినీ, వేయని మడినీ పోల్చి చూస్తాం కదా! ఇక్కడా అదే పద్ధతి. ఇన్సులిన్ మీద ఆధారపడిన రోగులకు 10 రోజులు మెంతిపిండి కలిపిన ఆహారం, 10 రోజులు కలపని ఆహారం ఇచ్చారు. రెండింటిలోనూ కేలరీలు సమానం. కొవ్వు తీసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్నం సగం, రాత్రి సగం పెట్టారు.

1990లో ఫలితాలు వెలువడ్డాయి. పరగడుపున రక్తంలో చక్కెర తగ్గింది. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. చెడు కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. మంచి కొలెస్ట్రాల్ మాత్రం తగ్గలేదు.

రోజూ 100 గ్రాములు తినడం ఎవరికైనా కష్టమే. 25 గ్రాముల చొప్పున 60 మందికి 24 వారాలు ఇచ్చి చూసిన మరో పరిశీలన 1996లో వెలువడింది. అందులోనూ రక్తంలో కొవ్వులు తగ్గాయి.

ఎలా పనిచేస్తాయి?

మెంతుల్లో దాదాపు సగం పీచే. నానితే వచ్చే జిగురు ఈ పీచు వల్లనే. ఇది పేగుల్లో ఆహారాన్ని పట్టి ఉంచడంతో చక్కెర రక్తంలోకి మెల్లగా చేరుతుంది. పైత్యరసంలోని కొంత భాగాన్ని కూడా బయటికి పంపేస్తుంది. ఆ లోటు తీర్చుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది.

ఎలా వాడాలి?

పోపులో వేసే చిటికెడు మెంతులతో ఈ ఫలితం రాదు. పూటకు రెండు చెంచాల చొప్పున రెండు పూటలా తీసుకోవాలి. రాత్రి నానబెట్టి తినవచ్చు. పొడి కొట్టి మజ్జిగలోనో, రొట్టెల పిండిలోనో కలుపుకోవచ్చు. కొందరికి మొదట్లో కడుపు ఉబ్బరం, విరేచనాలు కలగవచ్చు. అందుకని కొద్దిగా మొదలుపెట్టి పెంచుకోవాలి.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

* మెంతులు మందుకు తోడే గాని, మందుకు బదులు కాదు. ఇన్సులిన్‌గాని, మాత్రలుగాని సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.
* మందులతోపాటు మెంతులు తింటే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే పంచదార నీళ్లు తాగి, డాక్టరును కలవాలి.
* గర్భిణులు మందు మోతాదులో తినకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరును అడగాలి.
* విత్తుకోవడానికి తెచ్చిన, మందు పట్టించిన విత్తనాలను ఎట్టి పరిస్థితుల్లోనూ తినకూడదు. తినడానికి కిరాణా కొట్లో దొరికే మెంతులే వాడాలి.

మెంతులు మీ ఒంటికి పనిచేస్తున్నాయో లేదో నోటి చేదు చెప్పదు, రక్తపరీక్షే చెబుతుంది. మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలల తర్వాత మరోసారి చక్కెర, కొవ్వుల పరీక్షలు చేయించుకోండి. ఆ రెండు కాగితాలూ డాక్టరుకు చూపించండి. మందు తగ్గించాలో వద్దో ఆయనే చెబుతారు.