మిక్సీ ఆగినప్పుడు

రోలునకు గంట్లు కొట్టించి వాడుకొనిన మనము మిక్సీ యాగినంతనే బెదరనేల? నేను వసించు చైతన్యపురిలో బాగుచేయువాడు వీధిమలుపుననే దొరకును. పల్లెవారికో, అది పట్టణప్రయాణము.

ముందు ప్లగ్గును గోడనుండి యూడదీయుడు. మీట ఆర్పినంత మాత్రము చాలదు. పిమ్మట మిక్సీని బోర్లింపుడు. పెక్కింటికి అడుగున నొక చిన్న బొత్తాముండును. పసుపుకొమ్ములవంటి గట్టి వస్తువులు వేసినను, జాడీని పప్పుతో క్రిక్కిరియ నింపినను మోటారు బరువు నోపలేక వేడెక్కును. అప్పుడీ బొత్తాము తనంతట వెలికి వచ్చి విద్యుత్తును ద్రెంచి, లోని రాగితీగచుట్టలను గాలకుండ గాపాడును. కొంతసేపు చల్లారనిచ్చి నొక్కుడు. మరల వచ్చునేని జాడీలో సగము తీసివేయుడు. బొత్తామును రాకుండ బిగించుట మోటారును చేజేత గాల్చుకొనుటయే.

మోటారు మ్రోగుచున్నను కత్తులు తిరుగకున్నచో, జాడీక్రింద నుండు కప్లరను పండ్ల బిళ్ళ యరిగినదని యెఱుగుడు. క్రొత్తది స్వల్పమూల్యము. అది పనిచేయుకొలది బిగియునట్లు మరవేయబడియుండును. కావున ఇరుసును కదలకుండ బట్టి, మోటారు తిరుగు దిక్కునకే త్రిప్పినగాని వదలదు.

కాలిన వాసన వచ్చినను, ముట్టినపుడు జిల్లుమన్నను మాత్రము మీరు విప్పవలదు, పనివాని కిండు.