ప్రతిమకు వయస్సు తెచ్చు పూత

నిన్ననే కార్ఖానా వెడలినట్లు తళతళలాడు యుద్ధ ట్యాంకు నమూనా కంటికి ఇంపే. కాని మనస్సు నమ్మదు. ఎండవానలకోర్చిన ఇనుమునకు దుమ్ము, తుప్పు, నూనెజిడ్డు తప్పవు. ఆ వయస్సును ప్రతిమకు తెచ్చునది ‘వాష్’ అను పలుచని రంగునీరు.

చిటికెడు తైలవర్ణమును పదింతల వైట్ స్పిరిట్‌లో కలిపిన చాలును. కుంచె కొనతో తాకినంతనే అది కేశనాళికా ధర్మముచే అతుకుల వెంట, రివెట్ల చుట్టును తానే పాకును. అడుగున ఆరిన యాక్రిలిక్ రంగు, దానిపై యాక్రిలిక్ మెరుగు వార్నిష్ ఉన్నచో భయము లేదు. అడుగుపూత ఎనామిల్ అయినచో ఆ ద్రావకమే దానిని మెత్తబరచును. వారముల శ్రమ గడియలో చెడును. కావున వాష్‌ను ఎన్నుకొనుటకు ముందు అడుగుపూత ఏదో తెలియవలెను.

రంగు మాటకు వచ్చిన, కటికనలుపు ఆకుపచ్చపై గీతలు గీచినట్లుండును. ఇనుము, మాంగనీసు గల మట్టిని కాల్చి చేయు బర్న్ట్ అంబర్ నీడకును, మురికికిని సరిపోవును. మోతాదు మరువరాదు: 1:35 నమూనాపై ఒక మిల్లీమీటరు మరక అసలు ట్యాంకుపై 35 మిల్లీమీటర్ల మరకతో సమానము. అధికమైనదానిని స్పిరిట్ తడిపిన కుంచెతో వెంటనే తుడువవలెను.

చూచువానికి వయస్సు కనబడవలెను గాని పూత కనబడరాదు.