ఓడలు చెప్పే కెరటాల లెక్క

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. దానికి రెండు రోజుల ముందు, 17వ తేదీన, జగత్స్వామిని అనే ఓడ బంగాళాఖాతంలో ఆ తుఫానులో చిక్కుకొని, గంటకు సుమారు 194 కిలోమీటర్ల గాలి వీస్తున్నదని తెలియజేసింది. నడిసముద్రపు గాలినీ, కెరటాలనూ అక్కడే ఉండి చెప్పడానికి ఆనాడు ముఖ్యమైన ఆధారం ఓడలే.

ఓడమీద కెరటాన్ని కొలిచేది చాలావరకు మనిషి కన్నే. నురుగు తునక ఒకటి అలమీద పైకి లేచి, దిగి, తిరిగి లేవడానికి ఎన్ని సెకండ్లు పట్టిందో అధికారి గడియారంలో చూస్తాడు. ఇది ఆవర్తన కాలం. ఎత్తును అర మీటరు పాళ్లలో సంకేతంగా పంపుతాడు. అక్కడి గాలికే పుట్టిన అలలను, ఎక్కడో దూరాన పుట్టి వచ్చిన పొడవైన అలలను వేరువేరుగా వ్రాస్తాడు. చీకటి రాత్రి ఈ పని ఎంత కష్టమో ఊహించవచ్చు!

సముద్రంలో ఏ రెండు అలలూ సమానం కావు. మరి ఏ ఎత్తును లెక్కలోకి తీసుకోవాలి? అలలన్నింటిలో పెద్దవైన మూడవ వంతును ఏరి, వాటి సగటు ఎత్తును తీసుకుంటారు. స్వెర్‌డ్రుప్, మంక్ అనే శాస్త్రజ్ఞులు రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఈ పద్ధతిని రూపొందించారు. అనుభవమున్న నావికుడి అంచనా దీనికి దగ్గరగానే ఉంటుంది. ఈ కొలత 3 మీటర్లని ప్రకటించినప్పుడు, వేయి అలలలో ఒకటి ఐదున్నర మీటర్లు కూడా ఉండవచ్చు. చేపల వేటకు పోయేవారికి ఈ తేడా ప్రాణప్రదమైనది.

ఆవర్తన కాలం 10 సెకండ్లయితే, లోతైన నీటిలో ఆ అల పొడవు 156 మీటర్లు. అటువంటి అలల గుంపు గంటకు సుమారు 28 కిలోమీటర్లు సాగుతుంది. కనుక 670 కిలోమీటర్ల దూరాన ఓడ చూసిన అలలు బందరు తీరం చేరడానికి ఒక రోజు పడుతుంది. లోతు తగ్గినకొద్దీ అల వేగం, పొడవు తగ్గుతాయి. ఆవర్తన కాలం మాత్రం మారదు. విద్యార్థులు మంగినపూడి తీరాన నిలిచి, వరుసగా పదకొండు అలల శిఖరాలు దాటే కాలాన్ని పదితో భాగించి చూడవచ్చు.

అయితే ఓడలు తుఫానును తప్పించుకొని పోతాయి. సమాచారం అత్యవసరమైన చోటనే చూచేవారుండరు. ఈ లోటును లంగరు వేసిన బోయాలు కొంత తీరుస్తాయి. బోయా తన త్వరణాన్ని కొలుస్తుంది. దానిని రెండుసార్లు సమాకలనం చేస్తే ఎత్తు వస్తుంది. 2013లో శ్రీహరికోట నుంచి ఎగిరిన సరళ్ ఉపగ్రహపు పద్ధతి వేరు. అది పంపే రాడార్ స్పందనం అల శిఖరం నుంచి ముందుగా, పల్లం నుంచి ఆలస్యంగా తిరిగి వస్తుంది. ప్రతిధ్వని ఎంత సాగితే అల అంత ఎత్తు. కాని ఉపగ్రహానికి తన దారి క్రిందనున్న సన్నని పట్టీయే తెలుస్తుంది, బోయాకు ఒక్క చోటే తెలుస్తుంది. అందుచేత హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం గాలినుంచి అలలను గణించి, ఇటువంటి కొలతలతో సరిచూస్తుంది.

ఉప్పెన లెక్క వేరు. పీడనం 70 మిల్లీబార్లు తగ్గితే నీరు లేచేది సుమారు 70 సెంటీమీటర్లే. 1977లో దివిసీమలో నీరు సుమారు 5 మీటర్లు లేవడానికి ముఖ్య కారణం, లోతులేని తీరం మీదికి గాలి నీటిని నెట్టి పోగుచేయడం. లోతైన సముద్రంలో ఓడకు ఇది దాదాపు తెలియదు. లోతు తక్కువైన ఆ ఒడ్డుకు పెద్ద ఓడ రానే రాదు. కాబట్టి అక్కడి లోతులను పటాల నుంచి తీసుకొని ఉప్పెనను విడిగా గణించి, దానిపై అల ఎత్తును కూడుకోవలసి ఉంటుంది.