28 అంటే ఏ 28? పాత సైకిల్ పార్టుల గురించి అపోహలు, వాస్తవాలు

నాన్న సైకిలు తెనాలి ఇంటి వెనక వసారాలో పన్నెండేళ్లు గోడకి ఆనుకుని ఉండిపోయింది. 1974లో కొన్న నల్ల సైకిలు అది. రాడ్ బ్రేకులు, డైనమో దీపం, వడ్ల బస్తా పట్టే వెడల్పాటి క్యారియర్. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనుకోగానే చుట్టూ ఉన్నవాళ్లంతా సలహాలిచ్చారు. సగం మంది "ఆ కాలం సైకిలుకి ఇప్పుడు పార్టులెక్కడ దొరుకుతాయి, పాత ఇనప సామాన్లవాడికి వేసెయ్" అన్నారు. మిగతా సగం "సైకిలు పార్టులన్నీ ఒకటే, ఏది తెచ్చినా పడుతుంది" అన్నారు. ఈ రెండు మాటలూ తప్పే. కొలత తీసి చూడకపోవడం వల్లే రెండూ పుట్టాయి.

అపోహ: కంపెనీ మూతపడింది, ఇక పార్టులు లేనట్టే.

2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజున, అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. ఆ వార్త చదివి ఇంట్లో ఉన్న అట్లాస్ సైకిలు మీద ఆశ వదులుకున్నవాళ్లు ఉన్నారు. కానీ మన పెద్ద సైకిలు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఇంగ్లండులో పుట్టిన రోడ్‌స్టర్ నమూనాకి అది ఇక్కడి వారసురాలు. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో మొదలైన టీఐ సైకిల్స్, అసన్‌సోల్‌లోని సేన్-రాలీ, 1951 నాటి అట్లాస్, 1956 నాటి హీరో అందరూ దాదాపు అదే నమూనాని పట్టుకుని దశాబ్దాల తరబడి సైకిళ్లు చేశారు. ఇరుసులు, కోన్లు, ఫ్రీవీళ్లు, కాటర్ పిన్నులు లూధియానాలోని చిన్న కార్ఖానాల నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. మన మండల కేంద్రంలో సైకిల్ షాపు పెద్దాయన డబ్బాలో పడి ఉండే కోను కోసం ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉన్న పాత సైకిళ్ల ప్రేమికులు వారాల తరబడి వెతుక్కుంటారు.

నిజంగా కష్టమయ్యేవి వేరే ఉన్నాయి. చైను మొత్తాన్ని కప్పే గేర్‌కేసు, హ్యాండిల్ కింద కంపెనీ బిళ్ల, పాత తోలు సీటు, పాత దీపం అద్దం. వీటికోసమైతే హైదరాబాద్ జుమ్మెరాత్ బజారు లాంటి చోట్ల ఓపిగ్గా తిరగాల్సిందే.

అపోహ: 28 టైరు అంటే 28 టైరే.

నేను డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. పెద్ద ఊళ్లో ఒక షాపులో "28 టైర్లు" అని అడిగి జత తెచ్చాను. చెయ్యి బొబ్బలెక్కేదాకా ప్రయత్నించినా టైరు రిమ్ము ఎక్కలేదు. చివరికి మా వీధి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన టైరు వైపు చూడను కూడా చూడలేదు. "ముందు రిమ్ము చూపించు అబ్బాయ్" అన్నాడు.

టైరు మీది అంగుళాల లెక్క ఒకప్పుడు గాలి నింపిన టైరు బయటి కొలత. రిమ్ములో టైరు అంచు కూర్చునే చోటు కొలత అది కాదు. కాలక్రమంలో టైర్ల లావు మారింది, పేరు మాత్రం అలాగే మిగిలింది. అందుకే 28 పేరుతో కనీసం మూడు వేర్వేరు రిమ్ములున్నాయి. మన నల్ల సైకిలుది 28 × 1½. టైరు కూర్చునే చోట దాని వ్యాసం 635 మి.మీ. 28 × 1⅜ ఐతే 642. కొత్త రకం సైకిళ్ల మీద 700సీ అని రాసి ఉండే 28 ఐతే 622. నేను తెచ్చినవి ఆ 622వి. పదమూడు మిల్లీమీటర్లే తేడా, కానీ టైరు అంచులో సాగని ఉక్కు తీగ ఉంటుంది. ఎంత బలవంతం చేసినా అది ఎక్కదు.

ఇంకో వింత ఉంది. ఇప్పుడు కుర్రాళ్లు మోజుపడే 29 సైజు మౌంటెన్ సైకిలు రిమ్ము కూడా 622యే. అంటే 29 అని రాసిన రిమ్ము మన తాతల 28 కంటే చిన్నది.

26లో గందరగోళం ఇంకా ఎక్కువ. 26 × 1⅜ అంటే 590, 26 × 1½ అంటే 584, 26 × 1.75 అంటే 559. భిన్నంలో రాసిన 1¾కీ దశాంశంలో రాసిన 1.75కీ బడి లెక్కలో తేడా లేదు, రిమ్ములో మాత్రం 571కీ 559కీ ఉన్నంత తేడా. అంగుళాల సంఖ్యని వదిలేసి టైరు పక్కన 40-635 లాంటి జంట అంకె కోసం చూడండి. మొదటిది టైరు లావు, రెండోది రిమ్ము వ్యాసం. రెండో అంకె కలిస్తే టైరు పడుతుంది. పాత టైరు మీద ఆ అంకె చెరిగిపోతే రిమ్ము లోపల టైరు అంచు కూర్చునే గాడి చుట్టూ పల్చటి కాగితపు పట్టీ చుట్టి పొడవు కొలవండి. దాదాపు 1995 మి.మీ. వస్తే 635, 1954 దరిదాపుల్లో వస్తే 622. ట్యూబు విషయంలో ఇంత పట్టింపు అక్కర్లేదు. రబ్బరు సాగుతుంది కాబట్టి ఒకే ట్యూబు రెండింటికీ సర్దుకుంటుంది.

అపోహ: నట్టు రెండు చుట్లు తిరిగిందంటే మర కలిసినట్టే.

రెండు చుట్లు దాదాపు ఏ నట్టయినా తిరుగుతుంది. పాత ఇంగ్లీషు పద్ధతి ముందు ఇరుసు 5/16 అంగుళం, అంగుళానికి 26 మరలు. మిల్లీమీటర్లలో అది 7.94. కొత్త మెట్రిక్ నట్టు 8 మి.మీ., మరకీ మరకీ దూరం 1 మి.మీ. పాతదానికి ఆ దూరం 0.977. కంటికి తేడా తెలియదు, వేలికీ తెలియదు. మూడో చుట్టులో బిగుసుకుంటుంది. "తుప్పు పట్టినట్టుంది, కాస్త నూనె వేసి తిప్పు" అంటూ పానా మీద బలం పెడితే అప్పటిదాకా బాగున్న ఇరుసు మరలు కూడా చెడిపోతాయి. చేతి వేళ్లతో చివరిదాకా తిరగని నట్టుని పానాతో తిప్పకూడదు.

పెడళ్ల మధ్య ఇరుసుకి రెండు పక్కలా ఉండే బి.బి. కప్పులదీ ఇదే కథ. బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, అంటే మనం బీఎస్ఏ అని పిలిచే తుపాకుల కంపెనీ, ఒకప్పుడు ఎన్నో సైకిల్ కంపెనీలకి ఈ విడిభాగాలు అమ్మింది. 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలు ఉన్న దాని కొలత అలా లోకమంతా పాకింది. నాటింగ్‌హామ్ రాలీ మాత్రం చాలాకాలం తన సొంత 26 మరల పద్ధతినే పట్టుకుంది. వ్యాసంలో ఈ రెండింటికీ తేడా వెంట్రుకవాసి. కాబట్టి 24 మరల కప్పు 26 మరల ఫ్రేములో మొదలవుతుంది, సగంలో ఫ్రేము మరలని కోసేస్తుంది. పాత కప్పు మీద ఒక అంగుళం పొడవున స్కేలు పెట్టి మరలు లెక్కపెట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఫ్రేము మీది పేరుని మాత్రం నమ్మకండి. యాభై ఏళ్లలో లోపలి సామాను ఎన్నిసార్లు మారిందో ఎవరికి తెలుసు.

"తుప్పు పట్టి ఊడటం లేదు" అనుకున్నవాటిలో చాలా భాగం అసలు తుప్పు పట్టనివే, రివర్సులో తిప్పుతున్నవే. ఎడమ పెడలుకీ, ఇంగ్లీషు పద్ధతి కుడి కప్పుకీ మర ఎడమ వైపు తిరుగుతుంది. తొక్కుతున్నప్పుడు వాటంతట అవే ఊడిపోకుండా చేసిన ఏర్పాటది. గుర్తుంచుకోవడానికి నా పద్ధతి ఇది: పానాని నిటారుగా నిలబెట్టి పైకొనని సైకిలు వెనక్కి లాగితే రెండు పెడళ్లూ ఊడతాయి, ముందుకి తోస్తే రెండు కప్పులూ ఊడతాయి.

మర విషయంలో ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఇంకొకటుంది. ఈమధ్య పాత సైకిలు ఫ్రీవీల్ తీసేసి, పెడలు ఆగితే చక్రమూ ఆగే ఫిక్స్‌డ్ పళ్ల చక్రం బిగించి, బ్రేకులు పీకేస్తున్నారు. ఫ్రీవీల్ మర కూడా 1.37 అంగుళాలు, 24 మరలే కాబట్టి పళ్ల చక్రం చక్కగా ఎక్కుతుంది, దాని వెనక బి.బి. కప్పు రింగు కూడా ఎక్కుతుంది. కానీ రెండూ ఒకే వైపు మర. వెనక్కి తొక్కి ఆపబోతే రెండూ కలిసి విడిపోతాయి. ఫిక్స్‌డ్ కోసమే చేసిన హబ్‌కి రెండో మెట్టు ఉంటుంది, దానిమీది రింగుకి ఎడమ మర ఉంటుంది. ఆ హబ్ లేకుండా ఈ మార్పు చేయకండి. హబ్ ఉన్నా ముందు బ్రేకు తీయకండి.

అపోహ: కాటర్ పిన్ను సుత్తితో దిగ్గొడితే చాలు.

పెడలు కాడని, అంటే క్రాంకుని, మధ్య ఇరుసుకి పట్టి ఉంచేది ఈ పిన్ను. ముందు దాని లావు చూసుకోవాలి. ఇంగ్లీషు పద్ధతిలో 9.5 మి.మీ., కొన్ని యూరపు సైకిళ్లలో 9. ఏటవాలుగా అరగదీసిన ముఖం ఇరుసు గాడికి పూర్తిగా ఆనేదాకా ఆకురాయితో కొద్దికొద్దిగా రాసి, పెట్టి చూసి, మళ్లీ రాయాలి. పెడళ్లు ముందొకటి వెనకొకటి అడ్డంగా పెట్టినప్పుడు ఒక పిన్ను నట్టు పైకీ రెండోదాని నట్టు కిందికీ రావాలి. రెండూ ఒకే వైపు వస్తే క్రాంకులు ఒకే గీతలో నిలవవు. కొట్టేటప్పుడు క్రాంకు కింద ఇనప గొట్టం ఊతంగా నిలబెట్టకపోతే ఆ దెబ్బంతా లోపలి గుండ్ల మీద పడుతుంది. నట్టు పని పిన్నుని లోపలికి లాగడం కాదు, జారిపోకుండా పట్టుకోవడం. నాలుగు కిలోమీటర్లు తొక్కాక పిన్నుని ఇంకోసారి దిగ్గొట్టి నట్టు బిగించాలి.

అపోహ: రాడ్ బ్రేకులు పీకి కేబుల్ బ్రేకులు పెడితే సరి.

రాడ్ బ్రేకు రబ్బరు రిమ్ము లోపలి ముఖాన్ని, అంటే చువ్వలున్న వైపుని, పైకి నొక్కుతుంది. అందుకే ఆ రిమ్ము అంచులు గుండ్రంగా ఉంటాయి. దాన్ని వెస్ట్‌వుడ్ రిమ్ము అంటారు. పక్కల నుంచి నొక్కే క్యాలిపర్ బ్రేకుకి కావలసిన చదును గోడ దానికి ఉండదు. రబ్బరు ఆ వంపు మీద జారుతుంది, ఒక్కోసారి టైరునే రాపాడుతుంది. పోనీ రిమ్ము మారుద్దామంటే చువ్వల లెక్క అడ్డొస్తుంది. మన పెద్ద సైకిలుకి ముందు 32, వెనక 40 చువ్వలు. కొత్త రిమ్ములు ఎక్కువగా 36 రంధ్రాలవి. అంటే హబ్ కూడా మారాలి. 622 రిమ్ము వేస్తే బ్రేకు రబ్బరు మరో ఆరున్నర మిల్లీమీటర్లు లోపలికి అందుకోవాలి. ఫోర్కు తలలో బ్రేకు బోల్టుకి రంధ్రం కూడా ఉండకపోవచ్చు.

నిజానికి రాడ్ బ్రేకులు పట్టడం లేదంటే తప్పు చాలాసార్లు రిమ్ము బెండుది, గట్టిపడిన రబ్బరుది. ముందు బెండు తీయించి, కొత్త రబ్బరు వేసి, రెండు పక్కలా ఖాళీ సమానంగా పెట్టి చూడండి. వానలో తడిసిన క్రోము రిమ్ము మీద ఏ రబ్బరూ గట్టిగా పట్టదన్నది మాత్రం ఒప్పుకోవాలి. ఆ భయం ఉన్నవాళ్లకి మంచి మార్పు హబ్ లోపలే ఉండే డ్రమ్ము బ్రేకు. రిమ్ము ఏ ఆకారంలో ఉన్నా దానికి పట్టింపు లేదు.

అపోహ: పాత ఫ్రేముకి గేర్లు పడవు.

బయట వేలాడే గేర్లకి ఈ ఫ్రేము సరిపడదన్నది నిజమే. వాటిని తగిలించే కొక్కెం దీనికి ఉండదు. కానీ హబ్‌లో దాగి ఉండే మూడు గేర్లు ఈ రకం సైకిళ్ల కోసమే పుట్టాయి. స్టర్మీ-ఆర్చర్ కంపెనీ ఏడబ్ల్యూ హబ్ 1936లో వచ్చింది. రెండో గేరు మామూలు, మొదటిది అందులో ముప్పావు వంతు, మూడోది మూడో వంతు ఎక్కువ. కంపెనీ 2000లో తైవాన్ చేతికి వెళ్లినా మూడు గేర్ల హబ్‌లు ఇప్పటికీ తయారవుతున్నాయి.

కొనేముందు చూడాల్సింది వెనక రెండు కాళ్ల మధ్య ఎడం. మన ఫ్రేములో అది 110 నుంచి 114 మి.మీ. దాకా ఉంటుంది, కొత్త హబ్‌కి 117 నుంచి 120 కావాలి. ఇనప ఫ్రేముని ఆ కాస్త వెడల్పు చేయడం తెలిసినవాళ్లకి పెద్ద పని కాదు. తర్వాత హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పిన దారం రెండు కొనల్నీ వెనక కాళ్లకి కట్టి, సీటు గొట్టానికి రెండు పక్కలా దూరం సమానంగా ఉందో లేదో చూడాలి. అల్యూమినియం ఫ్రేముని ఎట్టిపరిస్థితుల్లోనూ ఇలా వంచకూడదు.

చాలామంది మరచిపోయేది వెనక పళ్ల చక్రం. ముందు 48 పళ్లు, వెనక 18 ఉంటే పెడలు ఒక చుట్టుకి చక్రం 2.67 చుట్లు తిరుగుతుంది. మూడో గేరులో అది 3.56 అవుతుంది, ఎదురుగాలిలో ఎవరి మోకాళ్లూ తట్టుకోవు. వెనక 22 పళ్లది వేస్తే మూడు గేర్లూ 1.64, 2.18, 2.91 అవుతాయి. వంతెన ఎక్కడానికీ పనికొస్తాయి, చదును రోడ్డుకీ పనికొస్తాయి. పళ్ల చక్రంతోపాటు చైనూ కొత్తది వేయండి. సాగిన చైను మీద 12 అంగుళాలు ఉండాల్సిన 24 లింకులు 12⅛ వచ్చాయంటే అది అప్పటికే పళ్లని కూడా తినేసి ఉంటుంది.

అపోహ: మోటారు కిట్టు ఏ సైకిలుకైనా గంటలో బిగించొచ్చు.

250 వాట్ల లోపు, గంటకి 25 కి.మీ. లోపు వేగముంటే చట్టం దాన్ని మోటారు వాహనంగా లెక్కించదు. చట్టానికి అభ్యంతరం లేనంత మాత్రాన ఫోర్కు మోస్తుందని కాదు. ముందు ఫోర్కు గాడి 5/16 అంగుళం ఇరుసు కోసం చేసింది. మోటారు ఇరుసు చదును ముఖాల మధ్యే 10 మి.మీ. అందుకని గాడిని ఆకురాయితో వెడల్పు చేస్తారు. మోటారు తిప్పే బలమంతా ఆ పల్చబడిన ఇనుము మీదే పడుతుంది. వెనక పెడదామంటే 135 మి.మీ. ఎడం కావాలి, ఈ ఫ్రేముకి అది శక్తికి మించిన సాగతీత. పెద్దవాళ్లకి కాళ్ల నొప్పులని మోటారు పెట్టాలనుకుంటే దానికి తగ్గ బ్రేకులూ ఫోర్కూ ఉన్న సైకిలు వేరే చూడండి.

అపోహ: కొత్త రంగు వేస్తేనే బాగుచేసినట్టు.

మాకు దొరికిన పెయింటరు మొత్తం గీకి పౌడర్ కోటింగు వేద్దామన్నాడు. నేను వద్దన్నాను. గీకితే ఫ్రేము మీది బంగారు గీతలు పోతాయి, నంబరు పూడిపోతుంది, మరల్లోకి రంగు దిగితే కప్పులు మళ్లీ ఎక్కవు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, తుప్పున్న చోట ఆగ్జాలిక్ ఆమ్లం నీళ్లతో కడిగి, ఆరాక పల్చగా నూనె రాశాను.

ముందు చక్రం ఇరుసు మాత్రం అరిగిపోయింది, మార్చక తప్పలేదు. షాపులో మెట్రిక్ ఇరుసు, దాని నట్లు సిద్ధంగా ఉన్నాయి. అయినా వారం ఆగి 26 మరల ఇరుసే తెప్పించాను. సైకిలు పన్ను కట్టించుకుని మునిసిపాలిటీ ఇచ్చిన బిళ్లని నాన్న ఆ ఇరుసు మీది పాత నట్టు కింద బిగించి ఉంచాడు. ఆ నట్టు కొత్త ఇరుసు మీద వేళ్లతోనే చివరిదాకా తిరిగింది. బిళ్ల దాని కిందే ఉంది.