మళ్లీ ఒకటో నంబరు నుంచి

అమ్మకాలు తగ్గినప్పుడల్లా అమెరికా కామిక్స్ సంస్థలకు తోచే మందు ఒకటే: మళ్లీ ఒకటో సంచిక నుంచి మొదలుపెట్టడం. 2011లో డీసీ ఏకంగా 52 పత్రికలను అలా తెచ్చింది. 1938లో పుట్టి 904వ సంచికకు చేరిన ‘యాక్షన్ కామిక్స్’నూ వదల్లేదు. అందులోని సూపర్‌మన్ క్లార్క్ కెంట్‌కు, లోయిస్ లేన్‌కు జరిగిన పెళ్లి కథలోంచే చెరిగిపోయింది. పాత పాఠకులు నొచ్చుకోవడంలో న్యాయముంది. 2016లో ఆ పత్రికకు పాత లెక్క తిరిగొచ్చింది.

2024 నాటి ‘అబ్సల్యూట్ బ్యాట్‌మన్’ మాత్రం నిజంగా కొత్తది. పాత పాత్రను తిరగరాయడమంటే ఇలా ఉండాలి.

రచయిత స్కాట్ స్నైడర్, చిత్రకారుడు నిక్ డ్రగోటా బ్యాట్‌మన్‌గా మారే బ్రూస్ వేన్‌కు ఆస్తి లేకుండా చేశారు. అతనిక్కడ ఇంజినీరు. తల్లి మార్తా బతికే ఉంది. ఆయుధాలు కొనే డబ్బేది? ఛాతీ మీది గబ్బిలం గుర్తునే ఊడదీసి గొడ్డలిగా వాడతాడు.